గోపాలపూర్‌లో ఎనిమిదో ఫొటో

బరంపురంలో ఉండే మనవాళ్ళకి గోపాలపూర్ గురించి కొత్తగా చెప్పనక్కరలేదు. ఊరికి 16 కిలోమీటర్లు. ఆదివారం సాయంత్రం పిల్లలతో వెళ్ళి, లైట్‌హౌస్ చూసి, ఇసుకలో కాసేపు కూర్చుని వచ్చేస్తాం. ఒకప్పుడు అది పేరున్న రేవు. 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. ఆ రోజుల్లో ఎందరో ఇక్కడే స్టీమరెక్కి రంగం వెళ్ళారు. ఇప్పుడు ఆ పాత జెట్టీ స్తంభాలు కొన్ని మిగిలాయి.

నేను మాత్రం నెలకోసారి ఒక్కడినే వెళతాను, మెడలో పోలరాయిడ్ కెమెరా వేసుకుని. ఫోనులో వందల ఫొటోలు ఊరికే వస్తుంటే, ఎనిమిదే ఫొటోలొచ్చే ప్యాకెట్టు కొనడం మా ఆవిడ లెక్కలో దుబారా. బి.కాం. చదివిన బ్యాంకు ఉద్యోగికి ఇదేం పిచ్చి అంటుంది.

ఈ కెమెరా పుట్టుక ఓ చిన్నపిల్ల ప్రశ్న. 1943లో అమెరికాలో ఎడ్విన్ లాండ్ తన మూడేళ్ళ కూతురికి ఫొటో తీస్తే, ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. 1948లో కెమెరా బజారుకొచ్చింది. 2008లో కంపెనీ ఫిల్ము తయారీ మానేస్తామని ప్రకటిస్తే, కొందరు అభిమానులు నెదర్లాండ్స్‌లోని ఫ్యాక్టరీ యంత్రాలు కొని, 2010లో మళ్ళీ ఫిల్ము తెచ్చారు. రష్యన్ దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన పోలరాయిడ్లు చూశాక నాకూ ఆ రంగుల మీద మనసు పోయింది.

ఫొటో కింది వెడల్పాటి తెల్ల అంచులో రసాయనం పొట్లం ఉంటుంది. బయటికొచ్చేటప్పుడు రోలర్లు దాన్ని నలిపి లోపల పరుస్తాయి. రంగులు తేలడానికి పావుగంట పడుతుంది. 28 డిగ్రీలు దాటితే బొమ్మ పసుపెక్కుతుంది. నెగెటివ్ ఉండదు. మా బ్యాంకు భాషలో కార్బన్ కాపీ లేని రసీదు.

కిందటేడు వేసవిలో ఏడు ఫొటోలు అయిపోయాయి. ఎనిమిదోది సూర్యాస్తమయానికి జెట్టీ కోసం దాచుకున్నాను. గోడనీడలో ఓ ముసలాయన వల అల్లుకుంటున్నాడు. అక్కడి జాలరులు తరతరాలుగా తెలుగువాళ్ళే. వేళ్ళ మధ్య ఆ దారం చూసి ఆగలేక నొక్కేశాను. ఫొటో ఎండ తగలకుండా చొక్కా జేబులో పెట్టి పక్కనే కూర్చున్నాను.

"మా తాత ఇక్కడే రంగం ఓడెక్కాడు బాబూ. తిరిగి రాలేదు. ఎలాగుంటాడో ఒక్క బొమ్మైనా లేదు" అన్నాడు.

పావుగంటకి తీసి చూశాను. వేడికి ఆకాశం పసుపెక్కింది, వల బంగారు దారంలా ఉంది. నేను తీసినవాటిలో అంత మంచిది లేదు.

"నాకిచ్చేయండి బాబూ" అన్నాడు.

"దీన్ని ఫోనులో తీసి, పెద్దది అచ్చు వేయించి తెస్తాను తాతా" అన్నాను.

"ఆ పెద్దది మీరుంచుకోండి. నా ముందర తేలిన బొమ్మ ఇదే కదా."

జవాబు తోచలేదు. ఇచ్చేశాను. ఫోనులో తీసుకోవాలని కూడా అనిపించలేదు. జెట్టీ ఫొటో తీయకుండానే బస్సెక్కాను.

మొన్న సంక్రాంతికి వెళితే ఆయన లేడు. కార్తీకంలో పోయాడని మనవడు చెప్పి లోపలికి పిలిచాడు. దేవుడి పటాల పక్కన, ప్లాస్టిక్ కవరులో ఆ ఫొటో ఉంది. ఆయనకున్న ఫొటో అదొక్కటేనట.

మా ఇంట్లో ఆల్బం తెరిస్తే ఏడు ఫొటోల తరవాత ఒక గడి ఖాళీ. కింద తేదీ మాత్రం రాసి ఉంచాను. మా ఆవిడ ఆ ఖాళీ ఏమిటని అడిగింది, చెప్పాను. తరవాతి ప్యాకెట్టు తనే కొనిచ్చింది.