ఆషాఢంలో కొలిచిన వేగం

తెలుగు పండిత శిక్షణ పొంది, మూడు దశాబ్దాలకు పైగా ఉన్నత పాఠశాలల్లో సంధులూ సమాసాలూ చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసుకుంటున్నవాడికి బ్రాడ్‌బ్యాండ్ వేగాలతో పనేమిటని మిత్రులు అడగవచ్చు. 2025 జూన్ నెలాఖరు దాకా నా అభిప్రాయమూ అదే. ఇంట్లో నాకున్న అవసరమల్లా పాత పుస్తకాలు దించుకోవడం, మనవరాలి ముఖం చూడడం. అంతకుమించి ఆ విద్యలో నాకు ప్రవేశం లేదు.

ఒకనాటి సాయంత్రం పూర్వ విద్యార్థి ఒకడు వచ్చాడు. తెనాలి బోసురోడ్డు నుంచి చీలిన ఒక సందులో వాడికి పెళ్ళి ఫోటోలు, వీడియోలు, ఆల్బముల దుకాణం ఉన్నది. వాడూ, భార్యా, ఇద్దరు కుర్రాళ్ళు, మూడు కంప్యూటర్లు. బడిలో ఉన్న రోజుల్లో గణవిభజన ఎన్నిసార్లు చెప్పినా వాడికి పట్టుబడేది కాదు గాని, ఛందస్సు నోటుబుక్కు వెనక పేజీలో నా బొమ్మ అచ్చుగుద్దినట్టు వేసేవాడు. ఒకసారి అది నా కంటబడింది. తరగతి మొత్తం ఎదుట వాణ్ణి నిలబెట్టి అనరాని మాట ఒకటి అన్నాను. వాడు మరచాడో లేదో నాకు తెలియదు. నేను మరవలేదు.

"మాస్టారూ, రేపు దీనిమీద సంతకం పెడుతున్నాను. మీరొకసారి చదివి పెట్టండి" అని ఒక రంగుల కాగితం చేతికిచ్చాడు. '300 ఎంబీపీఎస్ వరకు' అని పెద్ద అక్షరాలతో ఉన్నది. నెలకు 1,500 చొప్పున ఏడాది సొమ్ము ముందే కట్టాలి. 18,000, దానిమీద నూటికి 18 చొప్పున జీఎస్‌టీ 3,240, వెరసి 21,240 రూపాయలు. ఆ డబ్బు వాడి భార్య చీటీ పాడి తెచ్చినది. జ్యేష్ఠమాసం మొదట్లో ఒక పెళ్ళి వీడియోను విజయవాడలో ఉన్న ఎడిటరుకు సకాలంలో పంపలేకపోయాడట. పెళ్ళివారు రిసెప్షన్‌లో వేయించుకోవాలనుకున్నది రిసెప్షన్ అయిన మర్నాడు వచ్చింది. వాళ్ళింట్లో రెండో అమ్మాయి పెళ్ళి మరో దుకాణానికి పోయింది. అందుకే ఉన్న 100 చాలదని 300కు ఎగబాకుతున్నాడు.

నాకు సాంకేతికం తెలియదు గాని మాటలు తెలుసును. మొదట 'వరకు' దగ్గర ఆగాను. సంస్కృత వ్యాకరణంలో అవధిని చెప్పేటప్పుడు మర్యాద, అభివిధి అని రెండు విధాలు చెబుతారు. ఆ హద్దును విడిచిపెట్టి లెక్కిస్తే మర్యాద, హద్దును కూడా కలుపుకుంటే అభివిధి. కొనేవాడు ఈ 'వరకు'ను అభివిధిగా చదువుకుంటాడు, 300 వస్తుందని. అమ్మేవాడు మర్యాదగా రాస్తాడు, 300 దాటదని మాత్రమే. ఇందులో మోసమేమీ లేదు. వీధుల్లోకి వచ్చే ఫైబరులో బహుళప్రచారంలో ఉన్న జీపాన్ పద్ధతి ప్రకారం ఒక తీగలో దిగువకు సెకనుకు సుమారు 2.5 గిగాబిట్లు, ఎగువకు సుమారు 1.25 గిగాబిట్లు ప్రవహిస్తాయి. దానిని 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతారు. అందరూ ఒక్కసారి కుళాయి తిప్పరన్న నమ్మకం మీద నడిచే వ్యవస్థ అది. రాత్రి ఏడుకూ పదికీ మధ్య అందరూ తిప్పుతారు. పంపకం లేని లీజుడు లైను వేరే ఉన్నది గాని దాని వెల చిన్న దుకాణానికి అందేది కాదు.

రెండవది ఆ 'బీ'. ఇంగ్లీషులో చిన్న బీ రాస్తే బిట్, పెద్ద బీ రాస్తే బైట్. ఎనిమిది బిట్లు ఒక బైట్. వేగం చెప్పేటప్పుడు బిట్లలో చెబుతారు, ఫైలు బరువు చెప్పేటప్పుడు బైట్లలో చెబుతారు. మన లిపిలో రెండూ 'బీ'యే కావడంతో ప్రాణం పోతున్నది. చిన్నదాన్ని అల్పప్రాణం బకారమనీ, పెద్దదాన్ని మహాప్రాణం భకారమనీ గుర్తుపెట్టుకోమన్నాను. "ఆ రోజుల్లో ఇలా చెప్పి ఉంటే అర్థమయ్యేది మాస్టారూ" అన్నాడు. పరిహాసానికే అన్నాడనుకుంటాను.

మూడవది అడుగున చీమతలకాయంత అక్షరాలలో ఉన్నది. 300 అన్నది దిగుమతికి. ఎగుమతి 20 వరకు. వాడి దుకాణంలో పాత లైనుకు దిగుమతి 100, ఎగుమతి 10. ఇన్నాళ్ళుగా వాడికి ఆ రెండో అంకె ఉన్నదనే తెలియదు. ఆలోచించండి. కిరాణా దుకాణంలో ఫోన్‌తో డబ్బు పుచ్చుకోవడానికీ, పన్నుల లెక్క పంపడానికీ కావలసినది చాలా స్వల్పం. అటువంటి చోటికి అడుగు మెట్టు ప్లాను చాలు. వీడి వ్యాపారం వేరు. వీడు లోకం నుంచి తెచ్చుకునేది తక్కువ, లోకానికి పంపేది ఎక్కువ. ఒక్కొక్క పెళ్ళికి ముడి వీడియో 60 జీబీ. బిట్లలోకి మారిస్తే 4,80,000 మెగాబిట్లు. 10 ఎగుమతి మీద అడ్డంకి లేకుండా పోయినా 48,000 సెకన్లు, అంటే 13 గంటల 20 నిమిషాలు. 20 ఉన్న కొత్త ప్లానులో 6 గంటల 40 నిమిషాలు. ఏడాదికి ఇరవై ఒక్క వేలు పోసి కొనేది ఆ కాస్త తేడానే.

అప్పుడొక చిలిపి లెక్క తోచింది. ఆ జ్యేష్ఠమాసపు రాత్రి చివరకు వాడు హార్డ్ డిస్కు సంచిలో వేసుకుని బస్సెక్కాడు. తెనాలి నుంచి విజయవాడ ముప్పై చిల్లర కిలోమీటర్లు. దుకాణం గుమ్మం నుంచి ఎడిటరు గుమ్మానికి గంటన్నర, అంటే 5,400 సెకన్లు. భాగహారం చేస్తే ఆర్టీసీ బస్సు ఎగుమతి వేగం సెకనుకు దాదాపు 89 మెగాబిట్లు! వాడు పకపక నవ్వాడు. తరువాత ఇద్దరమూ నవ్వడం మానేశాము.

సంతకం వాయిదా వేయించి, పాత హాజరుపట్టీ ఒకటి పట్టుకుని మూడు రోజులు వాడి దుకాణంలో కూర్చున్నాను. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిది. వైఫై మీద కాదు, తీగ నేరుగా కంప్యూటరుకు తగిలించి వేగం చూసి, విద్యార్థుల పేర్లుండవలసిన గళ్ళలో అంకెలు వేశాను. దిగుమతి 90కి తగ్గలేదు, రాత్రి వేళ 60. ఎగుమతి మాత్రం పగలంతా ఒకటి, ఒకటిన్నర. ఆదివారం దుకాణం తీయకముందు చూస్తే తొమ్మిదిన్నర! దీని మర్మం రెండో రోజున పనికుర్రాడు పట్టుకున్నాడు. ఆల్బము డిజైన్ల సంచయం మొత్తం దానంతటదే మేఘంలోకి నకలు వెళ్ళేట్టు ఎవరో ఎప్పుడో పెట్టి ఉన్నారు. డిజైను ఒకసారి భద్రపరచినప్పుడల్లా వందల ఎంబీల ఫైలు మళ్ళీ మొదటినుంచి బయలుదేరుతున్నది. ఎగువ దారి అలా నిండిపోతే దిగుమతి కూడా కుంటుతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతి మూటకూ 'అందింది' అనే జవాబు ఆ ఎగువ దారినే పోవాలి. ఆ నకలును రాత్రి పన్నెండు తరువాతకు మార్చారు. మర్నాటి నుంచి వాడి వీడియో కాల్ తెగలేదు. ఇంకొకటి, గోడమీద రౌటరు పాతది. దాని రంధ్రాలు 100కు మించి పోనివ్వవు. 300 కొని ఉంటే ఆ అదనపు 200 గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగేది.

ఇంత తేలాక సలహా ఇవ్వడం సులువైంది. మరొక సంస్థ దిగుమతి 100, ఎగుమతి 100 ఇస్తానన్నది. నెలకు 800, పన్నుతో 944. నెలనెలా కట్టవచ్చు. నెలకు 1,000 జీబీ పరిమితి. నా పట్టీ ప్రకారం దుకాణం రోజుకు 15 జీబీ వాడుతున్నది, నెలకు 450. రెట్టింపుకు పైగా ఉన్నది కదా అని ధీమాగా చెప్పాను. జూలై 15న లైను వేశారు. అరవై జీబీలు గంటా ఇరవై నిమిషాల్లో వెళ్ళాయి. బస్సును ఓడించామని వాడు మిఠాయి పట్టుకొచ్చాడు.

మీలో కొందరు ఈపాటికే గ్రహించి ఉంటారు. నేను గ్రహించలేదు. నేను దుకాణంలో కూర్చుని కొలిచింది ఆషాఢమాసంలో!

పెళ్ళిళ్ళు లేని నెలలో పెళ్ళి దుకాణపు వాడకాన్ని కొలిచిన పండితుణ్ణి ఏమనాలి? జీవితమంతా పంచాంగం చూసి ముహూర్తాలు చెప్పించుకునే ఇంట పుట్టి, శూన్యమాసమనే మాటకు అర్థం పిల్లలకు చెప్పి, తీరా అక్కరకొచ్చే వేళకు నెలలన్నీ ఒకటే అనుకున్నాను. శ్రావణం వచ్చింది. జూలై చివరి నుంచి వరుసగా ముహూర్తాలు. ఇరవై రోజులు తిరగకముందే పద్నాలుగు పెళ్ళిళ్ళు. వెళ్ళినది 840 జీబీ, ఎడిటరు నుంచి తిరిగి వచ్చిన వీడియోలు ఇంకో నూట యాభై. పరిమితిలో ఎగుమతి, దిగుమతి రెండూ కలిపే లెక్కిస్తారు. నెల గడువు ఇంకా మూడు రోజులుండగా వెయ్యి నిండి వేగం 2కు పడిపోయింది.

2 ఎంబీపీఎస్ అంటే కేంద్రప్రభుత్వం 2023 జనవరిలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి పెట్టిన కనీస దిగుమతి వేగం. 2004లో అది 256 కేబీపీఎస్, 2013లో 512. కాబట్టి నిర్వచనం ప్రకారం మావాడి లైను ఆ మూడు రోజులూ బ్రాడ్‌బ్యాండే. ఆ వేగంతో ఒక పెళ్ళి వీడియో చేరడానికి 66 గంటల 40 నిమిషాలు.

ఈ సంగతి వాడు నాతో చెప్పలేదు. నాలుగు రోజుల తరువాత కూరగాయల మార్కెట్లో వాడి భార్య కనిపించి, మాటల మధ్య, "ఆ రాత్రి వానలో తడుస్తూ మళ్ళీ బస్సెక్కి వెళ్ళొచ్చారు మాస్టారుగారూ, జ్వరం ఇప్పుడు తగ్గింది" అన్నది. ఎందుకు బస్సెక్కవలసివచ్చిందని గుచ్చి అడిగితే గాని తక్కినది చెప్పలేదు. మీ మాస్టారికి తెలియనివ్వకు అని వాడే అన్నాడట.

నేరుగా దుకాణానికి వెళ్ళాను. మెడకు మఫ్లరు చుట్టుకుని పని చేసుకుంటున్నాడు. "లెక్క తప్పింది నాదిరా నాయనా. నువ్వు నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "మీరు మూడు రోజులు కూర్చున్నారు కదండీ" అన్నాడు. అది జవాబో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. అన్న మాటకు అప్పుడు అడగవలసిన క్షమాపణ ఒకటి ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరుండిపోయింది. ఆ పూట దాన్ని కూడా అడిగేశాను. వాడు కంగారుపడి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు, తరగతిలో లేచినట్టే.

తరువాత పంచాంగం ముందు పెట్టుకుని ఇద్దరమూ మళ్ళీ కూర్చున్నాము. ముహూర్తాలున్న నెలలకు అదే సంస్థలో 3,000 జీబీ పరిమితి ఉన్న ప్లాను, ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢం పడిన నెలలకు 1,000 జీబీది. నెలవారీ చెల్లింపు కనుక బిల్లు తేదీ నాడు పైకీ కిందకీ మారవచ్చు. ఏడాది సొమ్ము ముందు కట్టి ఉంటే ఈ వెసులుబాటు ఉండేది కాదు. ముందే కట్టవద్దని నేను చెప్పినది మంచిదే అయింది గాని, చెప్పిన కారణం వేరు, పనికొచ్చిన కారణం వేరు. మిగిలిన చీటీ డబ్బులో కొంత పెట్టి రౌటరు మార్చాడు. ఇంకొంత పెట్టి, వేరే సంస్థది, వేరే స్తంభం మీదుగా వచ్చేది, అతి చౌకైన లైను ఇంకొకటి వేయించాడు. ఒకటి తెగినా రెండోదానిమీద ఫోన్ చెల్లింపులూ కాల్సూ నడుస్తాయి. ఇది వాడి సొంత ఆలోచన. నాకు తట్టలేదు.

కార్తికంలో ఒకరోజు హాజరుపట్టీ తిరిగి ఇచ్చి వెళ్ళాడు. అంకెల గళ్ళ కింద శ్రావణం నుంచి వాడి దస్తూరీలో రోజువారీ వాడకం పొల్లుపోకుండా రాసి ఉన్నది. వెనక అట్టకు లోపలివైపు పెన్సిలుతో బొమ్మ. ఒక ముసలాయన రౌటరు కింద బల్లమీద కూర్చుని, మినుకుమినుకుమనే దీపాలను పంచాంగం చూసినట్టు చూస్తున్నాడు. కళ్ళజోడు మాత్రం పాతదే వేశాడు, నేను బడిలో పెట్టుకునేది.