వారం పేర్లు

అరకు కొండల్లో మా ఊళ్లలో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే పేరు. సోమవారం పుట్టిన ఆడపిల్ల సొంబారి, బుధవారమైతే బుద్రి, గురువారమైతే గురుబారి. శుక్రవారం పుడితే మగబిడ్డ సుక్రు, ఆడబిడ్డ సుక్రి. ఒకే ఊళ్లో ముగ్గురు సుక్రీలుంటే పెద్ద సుక్రి, చిన్న సుక్రి, గెడ్డ అవతలి సుక్రి.

ఇప్పుడు హాజరు పట్టీ తీస్తే రిత్విక్, యశ్విత్, జాన్విక. పట్నం పిల్లల పేర్లే మా పిల్లలకీ. ఫోనులో వెతికి పెడుతున్నారు. ముసలమ్మలకు ఆ పేర్లు నోరు తిరగవు, ఇంట్లో సుక్రి అనే పిలుస్తారు. తల్లిదండ్రులను ఏమీ అనలేం. హాస్టల్లో మా పేర్లు పిలిస్తే తోటిపిల్లలు నవ్వేవారు, కొందరు పంతుళ్లూ నవ్వేవారు. అది పడ్డవాళ్లే ఇవాళ తల్లిదండ్రులు.

ఒక్క సంగతి మాత్రం యువకులకు చెప్పాలి. మా తరంలో బడిలో చేర్చేటప్పుడు పుట్టిన తేదీ పంతులుగారు అందాజుగా వేసేవారు. ఎక్కువమందికి జూలై 1. సుక్రుకి 1-7-1980 అని వేశారనుకోండి, క్యాలెండరులో ఆ రోజు మంగళవారం! వాడు పుట్టింది ఏ వారమో అమ్మకు తెలుసు, పేరులోనే పెట్టింది. రికార్డుకు తెలియదు.

ఇప్పుడు ఆసుపత్రిలోనే తేదీ రాసిస్తున్నారు, ఇంకా వారం పేరెందుకంటారు కుర్రాళ్లు. సరే, బడిలో రిత్విక్కే ఉండనీ. ఒకటో తరగతిలో చేరే పిల్లల్ని మాత్రం, ఇంటి దగ్గర నిన్నేమని పిలుస్తారని మేం అడుగుతున్నాం. ముందు తల దించుకుంటారు. కాసేపటికి మెల్లగా చెబుతారు.