శ్రామికుడి వాచీ

పాత స్విస్ చేతి గడియారాలు సేకరించే అలవాటు నాకు ముప్ఫయ్యేళ్ళుగా వుంది. ఇది తెలిసిన మిత్రులు కొందరు నవ్వి వూరుకుంటారు; కొందరు వూరుకోరు. అభ్యుదయవాదినని చెప్పుకునే మనిషి పెద్దమనుషుల వ్యసనాన్ని పట్టుకుని వేలాడటమేమిటని వారి ఆక్షేపణ. సరుకును దేవుణ్ణి చేసి కొలిచే సమాజాన్ని క్లాసులో విమర్శిస్తూ, ఇంటికి వెళ్ళి ఆ దేవుళ్ళకే పీట వేయడం న్యాయమా అని ఒక విద్యార్థి నన్ను సూటిగా అడిగాడు. కొట్టిపారవేయదగ్గ ప్రశ్న కాదది. అయితే జవాబు చెప్పాలంటే ముందు వాచీ మూత విప్పాలి. మూత బిగించి వుండగా చూసేవాడికి ధర తప్ప మరేమీ కనపడదు.

మార్క్సు 'పెట్టుబడి' మొదటి సంపుటంలో శ్రమ విభజనను వివరించడానికి ఎన్నుకున్న ఉదాహరణ వాచీయే. మనలో చాలామంది చదివి మరచిపోయిన సంగతి ఇది. స్ప్రింగు చేసేవాడొకడు, డయలు చేసేవాడొకడు, రాళ్ళకు బెజ్జాలు తొలిచేవాడొకడు, ముళ్ళు చేసేవాడొకడు, చక్రాలకు మెరుగు పెట్టేవాడొకడు - ఆ పట్టిక చదవడానికే ఓపిక కావాలి. 1854లో జెనీవా 80,000 వాచీలు చేస్తే అది నూషాటెల్ రాష్ట్రపు ఉత్పత్తిలో అయిదో వంతయినా కాదనీ, లా షో-ద-ఫోన్ అనే ఒక్క పట్టణమే జెనీవాకు రెట్టింపు చేస్తున్నదనీ, ఆ వూరు వూరంతా ఒకే వాచీ కార్ఖానా అనుకోవచ్చుననీ ఆయన అక్కడ లెక్క చెబుతాడు. 1794లో తగలబడిపోయి, మళ్ళీ గళ్ళ కాగితం మీద గీసినట్టు తిన్నని వీధులతో లేచిన వూరది. పనిబల్లల మీద వెలుతురు పడేటందుకు వీలుగా ఇళ్ళ వరసలు, వరసలకు పెద్ద కిటికీలు. 2009లో యునెస్కో వారు ఆ వూరికీ, పక్కనున్న లె లోక్ల్ కీ ప్రపంచ వారసత్వ స్థానమిచ్చారు. వారసత్వమంటే అక్కడ రాజుల కోట కాదు, కార్మికుడి కిటికీ.

ఆ జూరా కొండల్లోనే 1872లో క్రొపోత్కిన్ వాచీ కార్మికుల మధ్య కొద్ది రోజులు గడిపి, తన రాజకీయాభిప్రాయాలు అక్కడే స్థిరపడ్డాయని ఆత్మకథలో రాసుకున్నాడు. యజమాని కంటికి దూరంగా, చిన్న చిన్న గదుల్లో, చేతులు పని చేస్తూవుండగానే నోటితో వాదించుకోగలిగిన స్వేచ్ఛ వారికి స్వతంత్రంగా ఆలోచించడం నేర్పిందని ఆయన గ్రహించాడు. అదే ఏడు సెప్టెంబరులో అరాచకవాదుల మహాసభ జరిగిన సాంత్-ఇమియే కూడా వాచీల వూరే. వారి సిద్ధాంతంతో మనకు పేచీ వుంది. ఆ పేచీ ఇక్కడ తీర్చుకోనక్కరలేదు. సిరిల్ షాయ్‌బ్లిన్ అనే స్విస్ దర్శకుడు 2022లో ఈ ఘట్టాన్ని సినిమాగా తీశాడు. దాని పేరు 'ఉన్‌రూ'. ఆ మాటకు వాచీలో అటూ ఇటూ వూగే బ్యాలెన్సు చక్రమనీ అర్థమే, అశాంతి అనీ అర్థమే. 1918 నవంబరు సార్వత్రిక సమ్మెలో సైన్యం ముగ్గురు సమ్మెకారులను కాల్చి చంపింది కూడా గ్రెన్‌షెన్ అనే మరో వాచీల వూళ్ళోనే. స్విస్ వాచీ అనగానే మంచుకొండలు, పాలగిన్నెలు, ప్రశాంతత బొమ్మ కట్టే ప్రకటనల్లో ఈ ముగ్గురూ కనపడరు.

నా సేకరణలో బంగారం లేదు, పేరుమోసిన కంపెనీలూ లేవు. నేను వెదికేది రోస్కోఫ్ జాతి వాచీలను. జార్జి ఫ్రెడరిక్ రోస్కోఫ్ 1813లో జర్మనీలో పుట్టి, కుర్రతనంలోనే లా షో-ద-ఫోన్ చేరిన పనివాడు. మంచి వాచీ ఎందుకు కూలివాడికి అందదన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. 1867లో ఆయన మార్కెట్లో పెట్టిన వాచీ ధర ఇరవై ఫ్రాంకులు. మామూలు కూలివాడి వారం రోజుల సంపాదన ఇంచుమించు అంత. దానికి ఆయన పెట్టిన పేరే శ్రామికుడి గడియారం. ఈ పేరు పెట్టింది విప్లవకారుడు కాదు, వ్యాపారి. అయినా కొనేవాడు ఎవడో మనసులో పెట్టుకుని యంత్రాన్ని మొదటినుంచీ తిరిగి ఆలోచించిన వ్యాపారి.

ఆయన చేసిన పనిలోని అందం ఇది. మామూలు మేలురకం వాచీలో చక్రాన్ని ఆపుతూ వదులుతూ వుండే లివరు కొసలకు కెంపు రాళ్ళు పొదిగి వుంటాయి. రోస్కోఫ్ వాటిని తీసివేసి రెండు సన్నని ఉక్కు మేకులు పెట్టాడు. నడుమనుండే సెంటరు చక్రాన్ని ఎత్తివేసి, స్ప్రింగు డబ్బాను పెద్దది చేసి, ముళ్ళను దానిచేతనే తిప్పించాడు. వెండి బదులు నికెలు కలిసిన చవక లోహంతో కేసు. మొత్తం 57 భాగాలతో వాచీ నడిచింది. ఉన్నదానికి నగిషీలు చెక్కడం నేర్పే. కాని ఏది లేకపోయినా పని జరుగుతుందో కనుక్కోవడం అంతకంటె కష్టమయిన నేర్పు. స్విస్ వాచీ పరువు పోతుందని స్థానిక తయారీదార్లు మొహం చాటుచేశారు. భాగాలు ఒకచోటా, కూర్పు ఒకచోటా చేయించుకోవలసి వచ్చింది. అయినా 1867 పారిస్ ప్రదర్శనలో దానికి కంచు పతకం లభించింది. స్విట్జర్లండులో పేటెంటు చట్టం 1888 దాకా లేదు. పరువు గురించి బాధపడిన పెద్దలే తరవాత దాన్ని యథేచ్ఛగా అనుకరించి, డయలు మీద 'రోస్కోఫ్ పద్ధతి' అని అచ్చువేసుకుని అమ్ముకున్నారు!

మేకుల లివరు వాచీలను సేకరణకర్తలు ఇప్పటికీ చిన్నచూపు చూస్తారు. మోత ఎక్కువ, అరుగుదల ఎక్కువ అంటారు, అది నిజమే. కాని తక్కువరకం అనే మాటలో యంత్రం పాలెంత, చట్టం పాలెంత అన్నది కూడా విచారించాలి. 1904లో హోల్‌స్టైన్‌లో స్థాపితమయిన ఓరిస్ కంపెనీ మేకుల లివరుతోనే సరసమయిన ధరకు నాణ్యమయిన వాచీలు చేసేది. 1934లో వచ్చిన వాచీ శాసనం ప్రకారం అనుమతి లేకుండా కొత్త పద్ధతికి మారే వీలు లేదు. ఆ కట్టు తెంచుకుని రాళ్ళ లివరు చేయడానికి వారికి 1966 దాకా పట్టింది. రెండేళ్ళకే, 1968లో, వారి వాచీ యంత్రానికి క్రొనోమీటరు యోగ్యతాపత్రం వచ్చింది. అంటే ఎవరు మేలురకం చేయాలో, ఎవరు నాసిరకం చేయాలో నిర్ణయించినది పనితనం ఒక్కటే కాదు.

రోస్కోఫ్ జాతి కానిది నా దగ్గర ఒకటుంది. మా నాన్నగారికి పెళ్ళిలో పెట్టిన పదిహేడు రాళ్ళ స్విస్ వాచీ. మనవైపు 1950ల్లో, 60ల్లో వాచీ, సైకిలు, రేడియో అనే మూడింటి పేరు వినని పెళ్ళికూతురి తండ్రి లేడు. ఫావర్-లూబా, వెస్ట్ ఎండ్ వంటి పేర్లు తెలుగిళ్ళలోకి చాలావరకు ఆ దారినే వచ్చాయి. నాన్నగారు దానికి రోజూ పొద్దున్నే కీ ఇచ్చేవారు. అమ్మ ఏనాడూ దానిని ముట్టుకోలేదు. ఆయన పోయాక నాకిస్తూ, "ఇది మీ నాన్న వాచీ కాదురా, మా నాన్న అప్పు" అంది. అర ఎకరం మాగాణి తాకట్టుపెట్టి తెచ్చిన సొమ్ములో ఆ వాచీ ఒక వాటా. కంపెనీ పేరు, రాళ్ళ లెక్క, తయారయిన ఏడు రాసుకునే నా పుస్తకంలో దాని ఎదుట ఆ అర ఎకరం కూడా రాశాను. ఈ వ్యసనపరుల పుస్తకాల్లో అటువంటి గడి వుండదు.

వారి పుస్తకాల్లో వుండేది 'అసలుతనం'. డయలు తొలినాటిదేనా, ముళ్ళు మార్చారా, కీ పిడి కంపెనీదేనా - దీన్నిబట్టి ధర. 2017 అక్టోబరులో న్యూయార్కు వేలంలో పాల్ న్యూమన్ అనే హాలీవుడ్ నటుడు పెట్టుకున్న రోలెక్స్ ఒకటి కోటీ 77 లక్షల డాలర్లకు పోయింది. ఆ వాచీలోని ఉక్కుగాని, దాన్ని బిగించిన పనివాడి గంటలుగాని అందులో ఎన్నో వంతో లెక్క వేయనక్కరలేదు. ఇటు ముంబయి పనివాళ్ళు చెడిపోయిన స్విస్ వాచీలకు రెండు మూడింటి భాగాలు కలిపి, డయలుకు కొత్త రంగు వేసి అమ్మే వాచీలంటే విదేశీ సేకరణకర్తలకు అసహ్యం. రంగు వేసి అసలుదని చెప్పి అమ్మేవాణ్ణి నేనూ సమర్థించను; కొనేవాణ్ణి మోసగించడం మోసమే. కాని రంగు వేసినవాడు వేరు, అబద్ధం చెప్పినవాడు వేరు. విడిభాగాల సరఫరా ఏనాడో ఆగిపోయిన యంత్రాన్ని అరవై ఏళ్ళ తరవాత కూడా నడిపిస్తున్న చెయ్యి మోసగాడి చెయ్యి కాదు. అల్మారాలో ముట్టుకోకుండా దాచిన వాచీకంటె అయిదు చేతులు పడి నడుస్తున్న వాచీయే నా దృష్టిలో ఎక్కువ అసలయినది.

రంగు మాట వచ్చింది కాబట్టి మరొకటి. చీకట్లో మెరిసే పాత డయళ్ళ మీద మక్కువ పెంచుకునే యువకులు గుర్తుంచుకోవాలి - 1960ల దాకా ఆ మెరుపు రేడియానిది. అమెరికాలో కుంచెను పెదవులతో సన్నం చేసి అంకెలు దిద్దిన అమ్మాయిల దవడలు కుళ్ళి, ఎందరో చనిపోయారు. స్విట్జర్లండులో స్త్రీలు చాలామంది ఈ పని ఇళ్ళలోనే చేశారు. ఆ ఇళ్ళను వెదికి శుభ్రం చేయించే కార్యక్రమాన్ని అక్కడి ప్రభుత్వం 2015లో చేపట్టవలసి వచ్చింది. అటువంటి వాచీలు నా దగ్గర రెండున్నాయి. నేను వాటి మూత తీయను, గోకను, ఎవరికీ అమ్మను.

1969 డిసెంబరులో జపానువారి సీకో క్వార్ట్జ్ వాచీ వచ్చింది. 1970లో సుమారు 90,000 మందికి పని ఇచ్చిన స్విస్ పరిశ్రమలో 1980ల మధ్యకు ముప్ఫయి వేల పైచిలుకు మంది మిగిలారు. మన దేశంలో 1961లో మొదలయిన హెచ్.ఎం.టి. వాచీల కంపెనీని మూసివేయడానికి 2016లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. కీ ఇచ్చే వాచీ ఇప్పుడు ఎక్కువగా ధనికుడి ఆభరణం. శ్రామికుడు సెల్‌ఫోనులో టైము చూసుకుంటున్నాడు. ఇందులో విలపించవలసింది ఏమీ లేదు. అతనికి కావలసింది టైము, అది చవకగా దొరికింది. రోస్కోఫ్ వుంటే సంతోషించేవాడే.

మా వూళ్ళో నా వాచీలు బాగుచేసే మేస్త్రీకి డెబ్బయ్యారేళ్ళు. వాచీ బాగుచేసినప్పుడల్లా మూత లోపలివైపు సూదిమొనతో తేదీ, ఒక గుర్తు గీస్తాడు. ఇది ఆ వృత్తిలో పాత ఆచారమే. నాన్నగారి వాచీ మూతలో అటువంటి గీతలు తొమ్మిదున్నాయి. నాలుగు ఇతనివి, తక్కినవి ఎవరివో. భూతద్దం పెట్టి ఆ విద్యార్థికి నేను చూపించినవి ఇవే. అతడు చాలాసేపు చూసి, "వీళ్ళ పేర్లు మీ పుస్తకంలో వున్నాయా?" అన్నాడు. ఒక్కటే వుంది. మర్నాడు మేస్త్రీ దగ్గరకు వెళ్ళి తక్కిన గుర్తులు చూపించాను. రెండింటిని పోల్చుకున్నాడు. "ఇది మా గురువుగారిది మేష్టారూ. ఈ పక్కది సత్రం దగ్గర కూర్చునే సాయిబుగారిది. ఆయన గీతలో ఎప్పుడూ చిన్న వంకరుంటుంది" అన్నాడు. ఆ రెండు పేర్లూ రాసుకున్నాను. ఇంకా మూడున్నాయి.