కూర్చోబెట్టడానికా తెచ్చింది?

పోయిన ఆదివారం రాత్రి ఫ్రిస్కోలో మా మిత్రుడింట్లో గొడవైంది. కొట్టుకునేదాకా పోలేదు గానీ, గారెలు చల్లారిపోయేదాకా అరుచుకున్నాం. ఎక్కడో తడబడుతున్న ఓ కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని మన డల్లాస్ కౌబాయ్స్ ట్రేడ్‌లో తెచ్చుకోవాలా వద్దా అన్నది తగువు. 'మన' అంటున్నాను చూడండి. ఉన్న పదిమందిమీ తెలుగువాళ్ళమే, ఈ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అర్థమై పదేళ్ళు కాలేదు. తీర్పులు మాత్రం రచ్చబండ మీద కూర్చుని చెప్పినంత ధీమాగా చెప్పేస్తాం.

"ట్రే లాన్స్‌ని తెచ్చి ఏం బావుకున్నారండీ? వాడు బస్ట్" అన్నాడు కాకినాడాయన.

బస్ట్ అంటే పేలిపోయిన సరుకని. నా ఒళ్ళు మండింది ఆ మాటకే.

ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ పని ఏమిటంటే, బంతి చేతికొచ్చిన రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకోవడం. ఈలోపు నూట ముప్ఫై కేజీల మనిషి మీదికి దూకుతుంటాడు. అడ్డం నిలవాల్సిన అయిదుగురు సరిగ్గా నిలవకపోయినా, బంతి పట్టాల్సినవాడు జారవిడిచినా, తిట్లు తినేది ఇతనే. తప్పెవరిదైనా పిల్లాణ్ణే మారుస్తారు.

లాన్స్ కథ వినండి. ఇక్కడ ఏటా కాలేజీ కుర్రాళ్ళని జట్లు వరసలో ఎంచుకుంటాయి. ఆ వరసలో తమ వంతునీ ట్రేడ్‌లో ఇచ్చెయ్యొచ్చు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు మూడేళ్ళ మొదటి రౌండ్ వంతులు ధారపోసి, మూడో స్థానంలో ఇతన్ని తీసుకుంది. ముందటేడు కోవిడ్ వల్ల అతను కాలేజీలో ఆడింది ఒక్క మ్యాచ్. 2022 సెప్టెంబరులో సీజన్ రెండో మ్యాచ్‌లోనే చీలమండ విరిగింది. ఆ ఏడు ఎంపికలో అందరికన్నా చివరన, 262వ వాడిగా వచ్చిన బ్రాక్ పర్డీ ఆ చోటు పట్టేశాడు. 2023 ఆగస్టులో ఒక్క నాలుగో రౌండ్ వంతుకి లాన్స్‌ని డల్లాస్‌కిచ్చేశారు. అప్పటికి అతనికి 23 ఏళ్ళు.

మనిషి ఖరీదు వరసలో ఒక వంతు! డబ్బు లెక్కయినా నాకింత బాధ ఉండేది కాదు. ఇంకా ఏ కాలేజీలో ఆడుతున్నాడో, ఎవడో కూడా తెలియని మరో కుర్రాడి కోసం ఈ కుర్రాణ్ణి ఇవ్వడమేమిటి? మా గూడూరు నిమ్మకాయల మార్కెట్లోనైనా బస్తా విప్పి, గుప్పెడు తీసి, ఒకటి బొటనవేలితో నొక్కి చూశాకే రేటు మాట్లాడేవాళ్ళు. మా నాయన వెంట ఎన్నోసార్లు వెళ్ళాను. పచ్చగా గట్టిగా ఉన్నది ఢిల్లీ దాకా తట్టుకుంటుందని దానికో ధర, పసుపు తిరిగినదానికి ఇంకో ధర. ఉన్న కాయకే గాని, వచ్చే ఏడు కాయబోయే కాయకి బేరం చెయ్యడం నేను చూళ్ళేదు. అయినా మనిషిని నిమ్మకాయతో పోల్చడం నాకే బాలేదు, వదిలేద్దాం.

ట్రేడంటే గూడూరువాళ్ళకి కొత్తా? 2022 ఏప్రిల్ 4న మా ఊరినే నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాకిచ్చారు. నెల్లూరుకి ప్రకాశం నుంచి కందుకూరు వచ్చింది. మూడు జట్ల ట్రేడంటే ఇదేనని మా మిత్రుడికి చెబితే వెంటనే అర్థమైంది.

అరుపుల మధ్యలో అమ్మ వీడియో కాల్. అక్కడ తెల్లారి ఏడవుతోంది, చేతిలో కాఫీ గ్లాసు.

"ఏందబ్బయా ఆ గోల? ఎవుర్ని తిడతన్నారు?"

చెప్పాను.

"ఇరవై మూడేళ్ళ బిడ్డా? ఇంతకీ ఆడనిచ్చారా?"

గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. ఆడనివ్వలేదు. వచ్చిన ఏడాది సీజన్ మ్యాచ్‌ల్లో ఒక్క నిమిషం దింపలేదు. రెండేళ్ళు కలిపి, మొదటి నుంచీ అతని చేతికి బంతిచ్చిన మ్యాచ్ ఒక్కటి: 2025 జనవరిలో వాషింగ్టన్‌తో, ఆశలన్నీ పోయాక, సీజన్ ఆఖరి రోజున. 23-19తో ఓడారు. అతను ఆ తర్వాత చార్జర్స్‌కి వెళ్ళిపోయాడు. ఇక్కడివాళ్ళు 'బస్ట్' అని తేల్చేశారు.

నన్నూ ఒకసారి ట్రేడ్ చేశారు. ఇంటర్లో క్వార్టర్లీ లెక్కలు తప్పానని నాయన గూడూరు కాలేజీ మాన్పించి నెల్లూరు హాస్టల్లో వేశాడు. ఫీజు నిమ్మకాయల డబ్బే. అక్కడ నాది చివరి బెంచీ. మూడు నెలల పాటు లెక్కల మాస్టారు నన్ను ఒక్క ప్రశ్న అడగలేదు. తప్పు చెప్పే అవకాశం కూడా ఇవ్వలేదు. రాత్రుళ్ళు సింహపురి ఎక్స్‌ప్రెస్ కూత వినిపిస్తే అది గూడూరు నుంచే బయల్దేరిందని లెక్క వేసుకునేవాణ్ణి. నాకొచ్చిన లెక్క అదొక్కటే.

అమెరికాని మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకోవాలి. శామ్ డార్నల్డ్ అని ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు. 2018లో న్యూయార్క్ జెట్స్ మూడో స్థానంలో తీసుకున్నారు. మరుసటేడు టీవీ మ్యాచ్ మధ్యలో మైదానంలో తనకి దయ్యాలు కనిపిస్తున్నాయని అతనన్న మాట మైకులో దొరికి, దేశమంతా నవ్వింది. ట్రేడ్‌లో కరోలినాకి పోయాడు, అక్కడా కుదర్లేదు. అయినా ఈ దేశం ఇంకో తలుపు తీసింది. 2024లో మిన్నెసోటాలో పదిహేడు మ్యాచ్‌లూ అతనికే ఇచ్చారు, పద్నాలుగు గెలిచారు. మనవైపైతే అప్పటికే మేనమామ కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి, పెళ్ళి చేసేసి ఉండేవాళ్ళం.

అలాగని మనల్ని తీసిపారేస్తే ఊరుకోను. మన విశాఖ నితీశ్‌కుమార్ రెడ్డి 2025 ఐపీఎల్‌లో పదమూడు మ్యాచ్‌లకి 182 పరుగులే చేశాడు. హైదరాబాద్ వదిలేస్తాడని పుకార్లు లేస్తే, కాదని తనే చెప్పాడు. జట్టూ వదల్లేదు. మెల్‌బోర్న్ సెంచరీ నాడు గ్యాలరీలో కన్నీళ్ళు పెట్టుకున్న ఆ తండ్రిని చూసినవాళ్ళెవరైనా ఆ కుర్రాణ్ణి సరుకంటారా? ఇదంతా కాకినాడాయనకి గర్వంగా చెప్పాను. "మరి జడేజాని చెన్నై ఇచ్చెయ్యలేదూ?" అన్నాడు. గూడూర్లో రైలెక్కితే రెండు గంటల్లో చెన్నై, మా ఇంటిల్లిపాదీ ఆ జట్టే. నా దగ్గర జవాబు లేక గారె అందుకున్నాను.

కౌబాయ్స్‌కి నే చెప్పేది ఒకటే. ఆ కుర్రాణ్ణి తెచ్చుకోండి, తప్పులేదు. కానీ తెచ్చాక వరసగా ఎనిమిది మ్యాచ్‌లు అతని చేతికే బంతివ్వండి. ఏటా ఆరు కోట్ల డాలర్లకి ప్రెస్కాట్‌ని క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టుకున్నాం, అది మావల్ల కాదంటారా, ఈసారి మీ వంతు మీ దగ్గరే ఉంచుకోండి.