మా చేతక్‌కి కొత్త రంగు వేయాలా?

మా నాన్నగారి బజాజ్ చేతక్ వయసు నా వయసుకంటే ఎక్కువ. బదిలీ అయిన ప్రతిసారీ ట్యాంకు ఖాళీ చేసి, గోనెపట్టా చుట్టి రైల్లో పార్సిల్ వేస్తారు. ఇప్పుడు దాని గురించే మా ఇంట్లో వాదన.

అన్నయ్య దాన్ని కాలేజీకి తీసుకెళ్తానంటాడు. నల్ల రంగు, అల్లాయ్ చక్రాలు, కొత్త సీటు కావాలట. “తిరగని బండి ఉన్నా లేనట్టే” అంటాడు. నాన్నగారు ఒక్క స్క్రూ కూడా మార్చనివ్వరు. మహారాణా ప్రతాప్ గుర్రం పేరుతో 1972లో వచ్చిన స్కూటర్ అది. పెట్రోలులో ఆయిల్ కలపడం, స్టార్ట్ కాకపోతే పక్కకు వంచి కిక్ కొట్టడం ఉంటేనే చేతక్ అంటారు. అమెరికాలో మస్టాంగ్ లాంటి పాత కార్ల అభిమానుల మధ్య కూడా ఇదే తగువు.

టైర్లు, బ్రేకులు కొత్తవి వేయాల్సిందే. అవి ప్రాణానికి సంబంధించినవి. డిక్కీ మీద సొట్ట జబల్‌పూర్‌లో పడింది. మడ్‌గార్డ్ మీద గీత విశాఖపట్నంలోది. క్వార్టర్ గోడ మీద మా ఎత్తు కొలిచి గీసుకున్న గీతల మీద, మేం ఖాళీ చేయగానే సున్నం కొట్టేస్తారు. ఈ సొట్టలు మాత్రం ఏ ఊరెళ్లినా మాతో వస్తాయి. అందుకే రంగు వద్దన్నాను.

అన్నయ్య ఇంకా ఒప్పుకోలేదు.