చిక్కపేటను ఏ గడిలో వెతకాలి?

బెంగళూరులో చిక్కపేట మెట్రో స్టేషన్ నుంచి పైకి వచ్చి, పట్టుచీరల కొట్ల మధ్యగా అవెన్యూ రోడ్డు దాకా నడిచాను. చూడాలనుకున్నది దొడ్డపేట. 1537లో కెంపేగౌడ కట్టించిన పేటలో ఉత్తర దక్షిణాలుగా సాగిన ఆ పెద్దవీధినే ఇప్పుడు అవెన్యూ రోడ్డు అంటున్నారు. చిక్కపేట పేరు నిలిచింది, దొడ్డపేట పేరు మరుగున పడింది. దేవాంగులు, పద్మశాలీలు, ఆర్యవైశ్యులు, బలిజలు తరాలుగా ఉన్న పేటలివి. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన వ్యక్తి మనుమరాలు తాతగారి పౌరసత్వ కాగితాల నుంచి వెనక్కి వంశం వెతకబోతే, ఆమెకు మొదట దొరికేది పేర్ల సూచిక. ఆ సూచికలో పేరు, సంవత్సరం, ఫైలు నంబరు మాత్రమే ఎక్కించి ఊరి గడి వదిలేస్తే తెలుగువారి విషయంలో అది సగం పనే అని నా వాదన.

1906 చట్టంతో అమెరికా పౌరసత్వ దరఖాస్తులు ఒకే నమూనాకు వచ్చాయి. పుట్టిన చోటు, భార్యాపిల్లల వివరాలు అందులోనే ఉంటాయి. 1923లో థిండ్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారంది; 1946లో లూస్-సెల్లర్ చట్టం ఆ అర్హత ఇచ్చింది. కాబట్టి మనవాళ్ల ఫైళ్లు ప్రధానంగా ఆ తర్వాతివే. ఆ తరం పుట్టేనాటికి బెంగళూరు రెండు ఏలుబడుల ఊరు. పేట మైసూరు మహారాజుది, కంటోన్మెంటు బ్రిటిష్ వారిది. కంటోన్మెంటు 1947లో మైసూరుకు తిరిగొచ్చింది, 1949లో రెండు మునిసిపాలిటీలు కలిశాయి. సూచికలో వట్టి ‘బెంగళూరు’ అని ఉంటే ఎవరి రికార్డులు తిరగేయాలి? పేరు కూడా అంతగా ఆదుకోదు. ఉత్తర ఇల్లినాయ్ పౌరసత్వ సూచికను ఉచ్చారణను బట్టి అంకెలిచ్చే సౌండెక్స్ పద్ధతిలో అమర్చారు. ఆ పద్ధతిలో వెంకటను ఇంగ్లిషు ‘వి’తో రాస్తే వి523, ‘డబ్ల్యూ’తో రాస్తే డబ్ల్యూ523, అంకెలొకటే, కార్డులుండే చోట్లు వేరు. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగిలి, తండ్రి పేరు చివర సుబ్బయ్య, కొడుకు పేరు చివర మూర్తి ఉంటే ఆ ఇద్దరినీ ఏ అక్షరక్రమమూ కలపలేదు. మన పిచ్చిగుంట్లవారు, కన్నడనాట హెళవలు ఇంటిపేరు, గోత్రం, ఊరు పట్టుకునే వంశాలు చెబుతూ వచ్చారు. వారి పద్ధతిలో ఉన్న విజ్ఞత ఇదే.

గడులు పెరిగితే పని నెమ్మదిస్తుందంటారు. నిజమే. కానీ పుట్టిన చోటు, పిల్లల పేర్లు ఆ కాగితం మీదే ఉన్నాయి. ఒకసారి తెరిచినప్పుడే ఎక్కించడం రెండోసారి తెరవడం కంటే చవక. చేతిరాతను ఇక యంత్రమే చదువుతుందన్నది మరో మాట. అక్షరాలు చదవవచ్చు, దొడ్డపేట, అవెన్యూ రోడ్డు ఒకటేనని ఎవరో ఒకరు ముందు రాసిపెట్టాలి కదా! బతికున్నవారి వివరాలు బయటపడతాయన్న అభ్యంతరాన్ని మాత్రం పూర్తిగా ఒప్పుకుంటాను. పిల్లల పేర్లను సూచికలోకి ఎక్కించినా, వారి జీవితకాలం గడిచేదాకా బయటివారికి చూపకూడదు.

ఈ పేటల్లో శుభలేఖల కొట్లు చాలా ఉన్నాయి. మన పాత శుభలేఖల్లో తాత, తండ్రి, ఇంటిపేరు, ఊరు ఒకేచోట దొరుకుతాయి. మీ ఇంట్లో ఉన్నవాటిని పారేయకండి. వెనుక పేట పాతపేరు, ఇప్పటి పేరు రాసి, విదేశాల్లోని బంధువులకు ఒక నకలు పంపండి.