బల్కంపేటలో ధ్వని పాఠాలు

హైదరాబాదు చూడవచ్చినవాళ్ళు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా కాచుకుని కూచుంటారు. బల్కంపేటకు మాత్రం ఎల్లమ్మతల్లి భక్తులే తప్ప ఊరు చూడవచ్చినవాళ్ళు సాధారణంగా వెళ్ళరు. కాని మీ చెవులు గనక చురుకైనవైతే ఈ పేటకు ఒకసారి తప్పక వెళ్ళండి. ఇది చూడదగినది అనేకన్న వినదగినది అనటం సబబు.

బల్కంపేట నగరం నడిబొడ్డునే ఉన్నది. ఒకవంక అమీర్‌పేట, మరొకవంక సంజీవరెడ్డి నగర్. మెట్రో రైలులో వచ్చేవాళ్ళు అమీర్‌పేట స్టేషనులో దిగాలి. 2017 నవంబరులో తెరిచిన ఈ స్టేషనులో ఎర్ర మార్గమూ, నీలి మార్గమూ ఒకదానినొకటి దాటుతాయి. అక్కడినుంచి బల్కంపేట నడిచిపోదగిన దూరమే.

సంగీతాన్ని గురువు దగ్గర నేర్చుకోవచ్చునని మీకు తెలుసు. కాని ధ్వనినే ఒక శాస్త్రంగా, ఒక కళగా విశ్వవిద్యాలయంలో చదవవచ్చునని తెలుసా? విద్యుత్తుతోనూ, కంప్యూటరుతోనూ పుట్టించే సంగీతాన్ని ఎలక్ట్రానిక్ సంగీతం అంటారు. సినిమాకో, నాటకానికో, ఆటకో తగిన శబ్దాలను ఏరి, కూర్చి, కొత్తవాటిని కల్పించటాన్ని సౌండ్ డిజైన్ అంటారు. ఈ రెండు చదువులలోనూ చెప్పే మొదటి పాఠాలన్నీ బల్కంపేట చుట్టుపక్కలనే వినిపిస్తాయి. ఒక్కొక్కటే విందాం, రండి.

మొదటి పాఠం ఎల్లమ్మ గుడిలో. ఇక్కడి అమ్మవారి విగ్రహం నేలమట్టానికి సుమారు పదడుగుల దిగువన, బావిలో ఉన్నది. భక్తులు గంట కొట్టి దండం పెట్టుకుంటారు. ఆ గంట ధ్వనిని చివరిదాకా వినండి. దెబ్బ పడగానే ఖంగుమన్న మోత వస్తుంది. తరువాత ఒక్కొక్క స్వరమే సన్నగిల్లి, చిట్టచివరకు ఒక మంద్రమైన హోరు మిగులుతుంది. అంటే గంటలో ఉండేది ఒక్క స్వరం కాదు, అనేక స్వరాలు.

వీణ తీగకూడా అనేక స్వరాలు పలుకుతుంది. కాని అవి లెక్క ప్రకారం ఉంటాయి. తీగ సెకండుకు 200 సార్లు కంపిస్తే, దానితోపాటు 400, 600, 800 కంపనాలుకూడా ఉంటాయి. అన్నీ మొదటిదానికి రెట్లే. కనకనే మన చెవికి అవన్నీ కలిసి ఒకే స్వరంగా తోస్తాయి. గంటలోని స్వరాలు ఆ లెక్కకు కట్టుబడవు. గంటను గంటగా గుర్తుపట్టటానికి కారణం ఆ క్రమం లేకపోవటమే.

రెండవ పాఠం ఆషాఢమాసంలో వినాలి. అప్పుడు ఎల్లమ్మ కల్యాణం జరుగుతుంది. నగరమంతటా బోనాలు వస్తాయి. పోతరాజు ముందు డప్పులు మోగుతాయి. డప్పు వాయించేవాళ్ళు మంట వేసి డప్పును కాచటం చూసే ఉంటారు. వేడికి తోలు బిగుస్తుంది. తోలు బిగిస్తే కంపనాలు వేగం అవుతాయి, ధ్వని హెచ్చు స్థాయిలో ఖణేలుమంటుంది.

డప్పు మోతలోకూడా గంటలో లాగే లెక్కలేని స్వరాలున్నాయి. మరి మృదంగం శ్రుతిలో ఎలా పలుకుతుంది? దాని కుడివైపు తోలుమీద నల్లని ముద్ద పూస్తారు గదా, అది ఆ స్వరాలను దారిలో పెట్టి, తీగలోవలె రెట్ల లెక్కకు తెస్తుంది. ఈ సంగతిని శాస్త్రీయంగా పరిశీలించి, 1920 లో ప్రకటించినవారిలో సర్ సి.వి. రామన్ ఒకరు. విశాఖపట్నంలో బడిచదువు చదివిన ఆ రామనే. మన పూర్వపు వాద్యకారులు చెవితో కనిపెట్టినదాన్ని ఆయన లెక్కతో నిరూపించాడు.

మూడవ పాఠానికి అమీర్‌పేట పోవాలి. మైత్రీవనం చుట్టూ ఉన్న వీథులనిండా కంప్యూటరు విద్య నేర్పే సంస్థల బోర్డులే. దూరపు జిల్లాలనుంచి యువకులూ, యువతులూ ఇక్కడికి వచ్చి, హాస్టళ్ళలో ఉండి, ఉద్యోగాలకోసం కంప్యూటరు భాషలు నేర్చుకుంటారు. సంగీతానికీ ఈ వీథులకూ సంబంధమేమిటని మీరు అడగవచ్చు. చాలా ఉన్నది.

1957 లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో మాక్స్ మాథ్యూస్ అనే ఇంజనీరు, కంప్యూటరు చేత సంగీతం పలికించే ప్రోగ్రాము రాశాడు. దానిమీద వినిపించిన మొదటి పాట నిడివి 17 సెకండ్లు మాత్రమే! మర్మమేమిటంటే, ధ్వని అనేది గాలిలో కదలిక. ఆ కదలికను క్షణక్షణమూ కొలిచి అంకెలుగా రాసుకోవచ్చు. ఆ అంకెలను తిరిగి స్పీకరుకు అందిస్తే ధ్వని మళ్ళీ పుడుతుంది. సీడీలో ప్రతి సెకండునూ 44,100 సార్లు కొలుస్తారు. మనిషి చెవి సెకండుకు సుమారు 20,000 కంపనాలదాకా వినగలదు. దానికి రెట్టింపుకన్న ఎక్కువసార్లు కొలిస్తేనే ఏదీ జారిపోదు. అంకెలుగా రాయగలిగినదాన్ని అంకెలతోనే కొత్తగా పుట్టించవచ్చునుకూడా.

ఈ సంగతి మాథ్యూస్ ఒక వ్యాసంలో రాశాడు. దాన్ని జాన్ చౌనింగ్ అనే సంగీత విద్యార్థి చదివాడు. అతను మద్దెలల వంటి వాద్యాలు వాయించినవాడు, కంప్యూటరు ముఖం ఎరగడు. అయినా పట్టుదలతో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రోగ్రాములు నేర్చుకున్నాడు. 1967 లో అతను ఒక స్వరాన్ని గమకంలాగా పైకీ కిందికీ ఊపుతూ, ఆ ఊపు వేగం పెంచుతూ పోయాడు. కొంత వేగం దాటేసరికి ఊపు వినిపించటం మానేసి, పూర్తిగా కొత్త ధ్వని వినిపించింది! ఊపే వేగానికీ, అసలు స్వరానికీ మధ్య లెక్క సరిగా కుదిరితే వాద్యంలాగా, కుదరకపోతే గంటలాగా మోగింది. గుడిగంట రహస్యం అంకెలలో చిక్కింది!

ఈ పద్ధతిని ఉపయోగించి జపాను దేశపు యమహా కంపెనీ 1983 లో ‘డి.ఎక్స్.7’ అనే వాద్యాన్ని తెచ్చింది. ప్రపంచమంతటా పాటలలో దాని ధ్వని వినిపించింది. ఆ హక్కుమీద విశ్వవిద్యాలయానికి రెండు కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. విచిత్రమేమిటంటే, అంతకు ముందు ఆ విశ్వవిద్యాలయమే చౌనింగ్‌ను ఉద్యోగంనుంచి తప్పించి, తరువాత తిరిగి పిలిపించుకున్నది.

నాలుగవ పాఠం సారథి స్టూడియో దగ్గర. ఇదికూడా అమీర్‌పేట పక్కనే. హైదరాబాదులో మొదట వెలసిన సినిమా స్టూడియో ఇదే. 1959 లో వచ్చిన ‘మా ఇంటి మహాలక్ష్మి’ చిత్రాన్ని ఇక్కడే తీశారు. మీరు సినిమాలో వినే శబ్దాలన్నీ కెమెరా తిరిగేటప్పుడే పట్టినవని అనుకుంటున్నారా? చాలా శబ్దాలు తరువాత చేర్చినవి. కొబ్బరి చిప్పలు తట్టితే గుర్రం డెక్కలు, తోలు చేతితొడుగులు గబగబా ఆడిస్తే పక్షి రెక్కలు! తెరమీద నడిచేవాడి అడుగులతో అడుగులు కలుపుతూ గదిలో ఒకరు నడిచి, ఆ చప్పుడును పట్టుకుంటారు. ఏ శబ్దం ఉంచాలి, దేన్ని తీసివేయాలి, ఎక్కడ నిశ్శబ్దం ఉండాలి అని నిర్ణయించటమే సౌండ్ డిజైన్.

ఇవన్నీ విదేశాల గొప్పలని అనుకోకండి. 1969 లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థలో ఎలక్ట్రానిక్ సంగీతానికి ఒక స్టూడియో ఏర్పడింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి, మూగ్ సింథసైజర్ అనే యంత్రాన్ని అక్కడ అమర్చాడు. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్ మొదలైన మనవాళ్ళు దానిమీద కొత్త ధ్వనులు కల్పించారు. కాని కొద్ది సంవత్సరాలకే ఆ పని ఆగిపోయింది. వాళ్ళు రికార్డు చేసిన టేపులు సంస్థ భాండాగారంలో దశాబ్దాలపాటు పడి ఉన్నాయి. పాల్ పర్గస్ అనే కళాకారుడు వాటిని వెతికి తీయగా, 2023 లో అవి లోకానికి వినిపించాయి. వెతికేవాడే లేకపోతే ఆ పిల్లకాయల కృషి, పెద్దల కృషి అంతా మట్టిలో కలిసేది. ధ్వనిని పుట్టించటమే కాదు, దాన్ని భద్రపరచటంకూడా విద్యే.

ఆ 1969 లోనే మన పాలకొల్లులో యు. శ్రీనివాస్ పుట్టాడు. కర్ణాటక సంగీతంలో గమకాలకు స్వరం సాగుతూ ఉండాలి. మామూలు మాండొలిన్ తీగ మీటగానే స్వరం తొందరగా చచ్చిపోతుంది. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ పట్టి, చిన్నతనంలోనే దానిమీద రాగాలు పలికించి, మాండొలిన్ శ్రీనివాస్‌గా జగత్‌ప్రసిద్ధుడయినాడు.

ఇక పెద్దలు అడిగే ప్రశ్న ఒకటున్నది: ‘‘ఈ చదువు కూడు పెడుతుందా?’’ పిల్లల చదువుకోసం పొలం అమ్మి అమీర్‌పేట పంపే తలిదండ్రులు ఆ మాట అడగటంలో తప్పులేదు. ఇంజనీరింగు లాగా ఈ చదువుకు రాచబాట లేదు. కాని దారి మాత్రం ఉన్నది. 1960 లో పూనాలో స్థాపించిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ డిగ్రీ చదివినవాళ్ళకు ప్రవేశపరీక్ష పెట్టి సౌండ్ విద్య నేర్పుతుంది. కేరళలో కరెంటు లేని పల్లెలో కిరసనాయిలు దీపం కింద చదువుకున్న రసూల్ పూకుట్టి, కాలేజీలో ఫిజిక్సు చదివి, అక్కడ చేరాడు. 2009 లో మరి ఇద్దరితో కలిసి ఆస్కార్ బహుమానం అందుకున్నాడు. హైదరాబాదులోనే, బల్కంపేటకు ఎంతో దూరంలేని అన్నపూర్ణ స్టూడియోలో, 2011 లో సినిమా, మీడియా కళాశాల వెలిసింది. అందరికీ ఆస్కార్లు రావు. అయితే సినిమాలకూ, కంప్యూటరు ఆటలకూ ధ్వని తెలిసినవాళ్ళు కావాలి. ఈ విద్యకు లెక్కలూ, ఫిజిక్సూ, కొంచెం సంగీతమూ ముందే వచ్చి ఉంటే ఎంతో మేలు. బడిలో వాటిని వదిలిపెట్టకండి.

అన్నిటికన్న ముఖ్యమైన పరికరం ఏ దుకాణంలోనూ దొరకదు. అది మీ చెవి. లోపలి చెవిలో సుమారు 15 వేల సన్నని రోమకణాలు ఉంటాయి. పెద్ద మోతలకు అవి చచ్చిపోతాయి, మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకన్న ఎక్కువ ఉండటం ప్రమాదం. ఆ పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ గడువు సగానికి సగం తగ్గుతుంది. పంజగుట్ట కూడలిలో హారన్లు మోగేటప్పుడూ, ఉత్సవాలలో లౌడ్‌స్పీకర్ల పక్కనా ఈ లెక్క గుర్తుంచుకోండి. దూరంగా జరిగితే డప్పు మరింత అందంగా వినిపిస్తుందే తప్ప, పండుగ ఏమీ తగ్గదు.

ఈసారి బల్కంపేట వెళ్ళినప్పుడు ఒక పని చెయ్యండి. గుడికి కాస్త ఎడంగా పెద్దల పక్కన నిలబడి, పది నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి. వినిపించిన శబ్దాలన్నీ ఒక కాగితంమీద రాయండి: ఏది దగ్గర, ఏది దూరం, ఏది హెచ్చు, ఏది మంద్రం, ఏది వెంటనే ఆగింది, ఏది సాగింది. మొదటిసారి పది కూడా రాయలేకపోవచ్చు. నాలుగోసారికి ముప్ఫై దాటుతాయి. పేట మారదు, మీ చెవి మారుతుంది. విశ్వవిద్యాలయంలో ఈ విద్య నేర్పేవాళ్ళుకూడా మొదట చేయించే అభ్యాసం ఇటువంటిదే. దానికి ప్రవేశపరీక్షా లేదు, ఫీజూ లేదు.